అటక మీద అండమాన్

చెన్నై నుంచి మా ఊరికి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబులు వేశారు. ఖర్చు 1,224 కోట్లు. ప్రారంభం 2020 ఆగస్టు 10న. అంతకుముందు పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటర్నెట్ అంటే ఉపగ్రహం దయ, మన ప్రాప్తం. మబ్బు పడితే బొమ్మ ఆగిపోయేది, మబ్బు లేకపోతే కాస్త ఆలోచించి ఆగిపోయేది. ఒక పాట దిగేలోపు అన్నం వార్చి, పులుసు మరిగించి, తాలింపు కూడా వేసి రావచ్చు. కేబులు వచ్చాక లోకమంతా ఒక్కసారిగా ఇంట్లోకి దూరింది. దూరినవాళ్ళలో అందరికంటే ముందు సోఫా ఎక్కి కూర్చున్నది ఎవరనుకున్నారు? గౌనుతో నేల ఊడుస్తూ, కొవ్వొత్తి చేతబట్టి, మంచులో ఒంటరిగా నడిచే ఇంగ్లీషు దొరసాని.

విక్టోరియా రాణి 1837 నుంచి 1901 దాకా ఏలి వెళ్ళిపోయింది. టీవీలో మాత్రం ఆవిడ ఏలుబడికి ఇంకా గడువు తీరలేదు. ఏడాది తిరిగేసరికి ఎక్కడో ఒకచోట ఒక డికెన్సో, ఒక బ్రాంటీయో మళ్ళీ కొత్త కోటు తొడుక్కుని దిగుతారు. మన అసెంబ్లీ ఎన్నికలైనా అయిదేళ్ళు ఆగుతాయి గానీ జేన్ ఎయిర్ పెళ్ళి ఆగదు.

ఇలా ఉండగా విశాఖలో ఓడెక్కి మా పిన్ని వచ్చింది. మూడు రోజులు కడుపులో ఉన్నదంతా బంగాళాఖాతానికి సమర్పించుకుని, దిగీ దిగగానే కాఫీ అడిగి, తాగీ తాగగానే టీవీ ఎక్కడుందని అడిగింది. పిన్ని సామాన్యురాలు కాదు. 2017 నుంచి 2023 దాకా కార్తీక దీపం 1,569 భాగాలూ చూసి, ఒక్కటీ వదలని మనిషి. కథల విషయంలో ఆవిడది పీహెచ్‌డీ, సంతకం పెట్టాల్సినవాళ్ళు లేరంతే. ఆ రాత్రి 2006లో బీబీసీ తీసిన జేన్ ఎయిర్ నడుస్తోంది. పెద్ద రాతి భవనం. లోపల కోపిష్టి జమీందారు, పంతులమ్మగా వచ్చిన అనాథ పిల్ల. పై అంతస్తులోంచి అర్ధరాత్రి ఎవరిదో నవ్వు.

“ఏట్రా, పైన ఎవుర్తో నవ్వతంది?”

“చూడు పిన్నీ, చివర్లో తెలుస్తుంది.”

“సూసీదేటుంది? మొదటి పెళ్ళాం.”

షార్లెట్ బ్రాంటీ 1847లో మూడు సంపుటాలు పెట్టి కాపాడుకొచ్చిన రహస్యాన్ని మా పిన్ని పావుగంటలో వీధిలో పెట్టేసింది. అక్కడితో ఆగలేదు.

“కట్నం ఏపాటి తెచ్చింది?”

“ముప్పై వేల పౌండ్లు.”

“ఎక్కడి పిల్ల?”

“జమైకా. మనదిలాగే దీవి.”

పిన్ని కాసేపు తెర వైపు చూసింది. మంచం, దుప్పటి, వెండి గిన్నెలు, నౌకర్లు, నిప్పు రాజుకుంటున్న పొయ్యి. “అదీ కత. దీవి డబ్బు హాల్లోన, దీవి పిల్ల అటక మీదన” అని కాళ్ళు ముడుచుకుని పడుకుంది.

నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేనూ దీవి పిల్లవాడినే.

విక్టోరియన్ సీరియల్‌కి కావలసిన సరుకులు ఇవీ: గుర్రపు బగ్గీ ఒకటి, పొగమంచు తగినంత, కొవ్వొత్తులు పన్నెండు డజన్లు, ముక్కుతో మాట్లాడే మేనత్త ఒకరు, వీలునామా ఒకటి, దాన్ని చింపేవాడు ఒకడు. ఈ సరుకులు సమకూర్చడంలో ఇంగ్లీషువాళ్ళ శ్రద్ధకు సాష్టాంగపడాలి. 1994లో మిడిల్‌మార్చ్ తీసినప్పుడు స్టామ్‌ఫర్డ్ అనే పాత ఊరి వీధులనే కాలచక్రం వెనక్కి తిప్పి సెట్టు చేసేశారు. 2005లో బ్లీక్ హౌస్‌ని అరగంట ముక్కలుగా కోసి, 15 భాగాలు చేసి, వాళ్ళ ఇంటింటి సీరియల్ అవగానే వడ్డించారు. డికెన్స్ కూడా ఆ నవలని 1852, 53లో నెలకో ముక్క చొప్పున అమ్ముకున్నవాడే. దాంతో అసలు గుట్టు బయటపడింది. బ్లీక్ హౌస్‌కీ కార్తీక దీపానికీ తేడా అల్లా ఒక్కటే: మనవాళ్ళు కోడలి ముఖం మీదికి కెమెరాని మూడుసార్లు దూకిస్తారు, వాళ్ళు ఒక్కసారి దూకించి అవార్డు తీసుకుంటారు.

ఇక షెర్లాక్ హోమ్స్ సంగతి. మాంచెస్టర్‌లోని గ్రనాడా టెలివిజన్‌వాళ్ళు జెరెమీ బ్రెట్‌ని హోమ్స్‌గా పెట్టి తీయబోయే ముందు 77 పేజీల దస్తావేజు ఒకటి తయారుచేసుకున్నారు. ఆ మహానుభావుడు పొగాకు పర్షియన్ చెప్పులో దాస్తాడా, చుట్టలు బొగ్గుల బుట్టలో పెడతాడా, ఏ వేళకి ఏ కోటు తొడుగుతాడు, ఇలాంటివన్నీ కథల్లోంచి ఏరి రాసుకున్నారు. మా రేషన్ కార్డులో పేర్లు ఇంత జాగ్రత్తగా రాసి ఉంటే మా నాన్న పేరు మూడు రకాలుగా ఉండేది కాదు.

అంత జాగ్రత్తలోనూ ఒక ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు: ఈ ఇంటికి డబ్బెక్కడిది? కప్పు ఏ కాలం నాటిదో చెప్పడానికి నిపుణుడున్నాడు. కప్పులో తేయాకు ఎవరు కోశారో, చక్కెర చెరుకు ఎవరు నరికారో చెప్పేవాడికి జీతం లేదు. డబ్బు కావలసి వచ్చినప్పుడు ఒక ఉత్తరం వస్తుంది. మదీరా దీవిలో పినతండ్రి పోయాడు, జేన్‌కి 20 వేల పౌండ్లు మిగిల్చాడు. మా పిన్ని ఈ ఘట్టం దగ్గర లేచి కూర్చుంది. “అలాంటి పినతండ్రులు మనకెందుకు లేరురా?” అంది. ఉన్నారు పిన్నీ. వాళ్ళు దీవుల్లో చెమటోడ్చే వైపున ఉన్నారు, ఉత్తరాలు రాసే వైపున లేరు.

డబ్బు రావడానికి ఒక దీవి కావాలి. మనుషులు పోవడానికి ఇంకో దీవి కావాలి. విక్టోరియన్ నవలాకారుడికి ఒక పాత్రతో ఏం చెయ్యాలో తోచకపోతే ఓడ ఎక్కించేస్తాడు. అప్పులు తీర్చలేని మికాబర్‌ని ఆస్ట్రేలియాకి. చెడిపోయిందన్న ఎమిలీని కూడా ఆస్ట్రేలియాకి. మాగ్విచ్ అనే దొంగని న్యూ సౌత్ వేల్స్‌కి. అక్కడ గొర్రెలు మేపి వాడు సంపాదించిందంతా తిరిగి లండన్‌కి, పిప్ బాబు చొక్కాలకి. పనీపాటూ లేని జాక్ మాల్డన్‌ని ఇండియాకి. వానిటీ ఫెయిర్‌లో జాస్ సెడ్లీ అనే తిండిపోతు మన దేశంలో కలెక్టరు. ఏ జిల్లాకనుకున్నారు? బోగ్లీ వాలాకి! థాకరే పుట్టింది కలకత్తాలో. అయినా మన ఊరికి పేరు పెట్టమంటే నోట్లో వేడి బజ్జీ పెట్టుకుని పలికినట్టు పెట్టాడు. ఆ కలెక్టరు అక్కడ ఏం చేశాడో నవలలో లేదు, టీవీలోనూ లేదు. లావయ్యాడు, అదొక్కటే కనిపిస్తుంది.

డికెన్స్ అంటే టీవీకి కరుణామూర్తి. క్రిస్మస్ వచ్చిందంటే ఆయన కుంటి పిల్లవాడు, ఆయన ఆకలి పిల్లవాడు గంజి గిన్నె పట్టుకుని తెర మీదికి వస్తారు, దేశం మొత్తం కన్నీరు పెడుతుంది. ఆ కరుణామూర్తే 1857 అక్టోబరులో ఒక స్నేహితురాలికి ఉత్తరం రాస్తూ, తానే ఇండియాలో సేనాధిపతినైతే ఆ తిరుగుబాటు జాతిని భూమ్మీద లేకుండా తుడిచెయ్యడానికి శాయశక్తులా పాటుపడేవాణ్ణన్నాడు. ఉత్తరం రాసిన అయిదు నెలలకి, 1858 మార్చి 10న, డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ రెండువందల మంది ఖైదీలతో మా తీరంలో దిగాడు. ఆ రోజు నుంచే ఈ ఊరు సామ్రాజ్యానికి అటక. కింద హాల్లో ఎవరు ఎవరితో నాట్యమాడాలన్న చర్చ జరుగుతుంటే, పైన మావాళ్ళు సంకెళ్ళతో అడవి నరికారు. 1883లో చాథమ్‌లో రంపపు మిల్లు పెట్టారు. 1896లో సెల్యులర్ జైలు మొదలుపెట్టి పదేళ్ళు కట్టారు. కింద మ్యూజిక్ ఆగలేదు. ఇప్పుడు సీరియల్లోనూ ఆగడం లేదు.

అలాగని విక్టోరియన్ నవల మా ఊరిని బొత్తిగా మరిచిపోయిందంటే పాపం తగులుతుంది. ఒక్కసారి గుర్తుపెట్టుకుంది. 1890లో ఆర్థర్ కానన్ డాయిల్ నవల ది సైన్ ఆఫ్ ఫోర్ అచ్చయింది. అంతకుముందు ఆగస్టులో లండన్‌లోని లాంగమ్ హోటల్లో ఒక అమెరికన్ సంపాదకుడు భోజనం పెట్టి, ఈయన దగ్గర ఈ నవలకీ, పక్క కుర్చీలో ఉన్న ఆస్కార్ వైల్డ్ దగ్గర డోరియన్ గ్రేకీ మాట తీసుకున్నాడు. ఆ ఒక్క విందు ఖరీదు మా దీవులు ఇప్పటికీ కడుతున్నాయి.

కథ క్లుప్తంగా: 1857 గొడవల్లో ఆగ్రా కోటలో నలుగురు కలిసి హత్య చేసి, ఒక రాజుగారి నగల పెట్టెని కాజేస్తారు. నలుగురూ జైలుపాలై, అందులో దొరబాబు జొనాథన్ స్మాల్ మా అండమాన్ చేరతాడు. గంగలో మొసలి ఒక కాలు తినేసింది గనక కర్రకాలు. మిగిలిన ముగ్గురిలో ఒకడి పేరు మహమెత్ సింగ్, ఇంకొకడి పేరు అబ్దుల్లా ఖాన్; ఇద్దర్నీ కలిపి సిక్కులంటాడు రచయిత. హోమ్స్ ఒక వాచీ చూసి దాని సొంతదారు తాగుబోతని చెప్పగలడు గానీ, ఈ పేర్లు విని కనుబొమ్మ ఎత్తలేదు. పెట్టె ఎవరికి చెందాలన్నది నవలంతా చర్చ. రాజుగారికి తిరిగి ఇచ్చేద్దాం అన్న ఆలోచన అంత తెలివైన మనిషికి ఒక్కసారీ తట్టదు.

స్మాల్‌కి హోప్ టౌన్‌లో, మౌంట్ హ్యారియట్ వాలున గుడిసె ఇచ్చారని రాశాడు. ఆ ఊరు నిజంగానే ఉంది. చాథమ్‌లో ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్‌లో దిగితే మనవాళ్ళు పానీఘాట్ వైపు దారి చూపిస్తారు. ఊరి పేరు పటం చూసి సరిగ్గా రాసిన మనిషి, మనిషి దగ్గరికి వచ్చేసరికి పటం మూసేశాడు. స్మాల్‌తో లండన్ దాకా వచ్చే అండమాన్ ఆదివాసికి ఆయన పెట్టిన పేరు టోంగా. అండమాన్ భాషల్లో ఆ పేరు ఏమిటని ఎవరినడుగుతాం? పసిఫిక్ సముద్రంలో ఒక రాజ్యం పేరది. ఇంగ్లీషువాడు మన జట్కాబండికి రాసుకున్న పేరు కూడా అదే. అంటే సామ్రాజ్యంలోనే పేరుమోసిన అండమాన్ ఆదివాసి పేరు జట్కాబండి. రాజమండ్రి నుంచి ఒక పాత్రని తెచ్చి దానికి ఆటోరిక్షా అని పేరు పెడితే మనం ఊరుకుంటామా?

ఆ జట్కాబండిగారి చేతిలో ఊదుగొట్టం, అందులో విషపు ముల్లు. ఇక్కడి ఆదివాసులు విల్లూ బాణాలవాళ్ళు, ఊదుగొట్టం వాళ్ళకి తెలియదు. నరమాంసం తింటారని రాశాడు. ఆ నవల రావడానికి ముందే, 1880లలో, ఇక్కడే పనిచేసిన ఇ. హెచ్. మాన్ అనే ఇంగ్లీషు అధికారి అది వట్టి కట్టుకథ అని అచ్చువేయించాడు. ఎత్తు నాలుగడుగులకి తక్కువన్నాడు డాయిల్. మాన్ కొలిచి చూస్తే మగవాళ్ళ సగటు నాలుగడుగుల పది అంగుళాల పైచిలుకు. కథలో మనిషి కురచైతే కిటికీలో పడతాడు గనక దాదాపు ఒక అడుగు కోసేశాడు. నవల మొత్తంలో అతనికి ఒక్క మాట లేదు. ఒక కేక, ఒక ఊదుడు, తర్వాత హోమ్స్, వాట్సన్ చెరో తుపాకీ పేల్చాక థేమ్స్ బురద.

1987లో గ్రనాడావాళ్ళు దీన్ని రెండు గంటల టీవీ సినిమాగా తీశారు. స్మాల్‌గా జాన్ థా, టోంగాగా కెన్యాలో పుట్టిన భారత సంతతి నటుడు కిరణ్ షా. 77 పేజీల దస్తావేజు ఇక్కడ పనికి రావాలి కదా? బొగ్గుల బుట్ట గురించి వెతికిన కళ్ళు, చెప్పు గురించి వెతికిన కళ్ళు, ఊదుగొట్టం దగ్గర గౌరవంగా వాలిపోయాయి. మూలానికి విధేయత అంటే అదీ. దొర కోటు బొత్తం తప్పు పడితే చరిత్ర మీద ద్రోహం, నల్లవాడి ఆయుధం తప్పు పడితే సాహిత్యం మీద గౌరవం.

ఇరవై ఏడేళ్ళు గడిచాయి. లోకానికి సిగ్గు వచ్చింది. 2014 జనవరిలో బీబీసీవాళ్ళు షెర్లాక్‌లో ఇదే కథ పేరుని కొంచెం తిప్పి ది సైన్ ఆఫ్ త్రీ తీశారు. అందులో షోల్టో అనే సైనికాధికారి ఉన్నాడు, వాట్సన్ పెళ్ళి ఉంది, పెళ్ళికొచ్చినవాళ్ళ టోపీలున్నాయి. అండమాన్ లేదు. షోల్టోగారు అఫ్గానిస్తాన్ నుంచి వచ్చాడు. బాగా కడిగారు. అటక మీద మనిషి నవ్వుతోందని మొదట్లో అన్నాం కదా? సమస్యని శాశ్వతంగా పరిష్కరించారు. ఇంటికి అటకే లేకుండా కప్పు దించేశారు.

మాకిచ్చిన ఛాయిస్ ఇది. ఉంటే రాక్షసుడి వేషం, లేకపోతే వేషమే లేదు.

కథలు లేకనా? నేనే నిర్మాతనైతే ఇలా తీస్తాను. మొదటి భాగం: 1859 మే. పోర్ట్ బ్లెయిర్ తీరం మీద విల్లంబులతో గ్రేట్ అండమానీల దండు. వాళ్ళతో ఏడాది కలిసి బతికిన దూధ్‌నాథ్ తివారీ అనే పారిపోయిన ఖైదీ ముందే వచ్చి దొరలకి కబురు చెప్పేశాడు. ఫిరంగులకి ఎదురు బాణాలు. అబర్డీన్ యుద్ధం అంటారు. రెండో భాగం: 1872 ఫిబ్రవరి 8, సాయంత్రం. వైస్రాయ్ లార్డ్ మేయో మౌంట్ హ్యారియట్ మీద సూర్యాస్తమయం చూసి, దిగువన హోప్ టౌన్ రేవులో పడవ ఎక్కబోతుండగా చీకట్లోంచి షేర్ అలీ అఫ్రీదీ అనే క్షవరం చేసే ఖైదీ కత్తితో దూకాడు. విక్టోరియా రాణి ప్రతినిధి, స్వయంగా, మా ఊళ్ళో, మెట్ల మీద. షేర్ అలీని వైపర్ దీవిలో ఉరితీశారు. ఏ డికెన్స్ నవలలో ఉంది ఇంత బిగువైన ఘట్టం? అదే హోప్ టౌన్‌లో డాయిల్‌ని పెట్టమంటే పేకాట పెట్టాడు.

మూడో భాగానికి స్పాన్సర్లు దొరకరు. రాస్ దీవి మీద అండమాన్ హోమ్ అని ఒకటి నడిపారు, ఆదివాసులకి నాగరికత నేర్పడానికి. పొగాకు నేర్పారు, కల్లు నేర్పారు, రోగాలు అంటించారు. అందులో పుట్టిన నూట యాభై మంది పసిపిల్లల్లో రెండేళ్ళు దాటి బతికినవాళ్ళు లేరు. డికెన్స్ అనాథలకి గంజి మరో గరిటె పోస్తారా లేదా అని ఉత్కంఠ ఉండేది. వీళ్ళకి ఆ ఉత్కంఠ కూడా లేదు. 1858లో వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1961 జనాభా లెక్కల్లో 19 మంది. వాళ్ళ భాషల్లో ఒకటైన బో మాట్లాడే ఆఖరి మనిషి, బోవా అవ్వ, 2010 జనవరిలో పోయింది. టోంగాకి డాయిల్ డైలాగు ఇవ్వలేదని ఇందాక ఫిర్యాదు చేశాను. ఇప్పుడు ఇద్దామన్నా ఏ భాషలో రాయాలో చెప్పేవాళ్ళు మిగల్లేదు.

సెట్టు వెయ్యక్కర్లేదు కూడా. రాస్ దీవి మీద దొరల నాట్యశాల, చర్చి, బేకరీ, టెన్నిస్ కోర్టు ఇప్పటికీ ఉన్నాయి. ఉన్నాయంటే గోడలున్నాయి, పైకప్పు బదులు మర్రి ఊడలున్నాయి. పిన్నిని తీసుకెళ్ళాను. చుక్కల దుప్పి ఒకటి నాట్యశాల గుమ్మంలో నిలబడి కొబ్బరి ముక్క నములుతోంది. పిన్ని బేకరీ గోడని పట్టుకున్న వేళ్ళని తట్టి చూసి, “గట్టిగా పట్టుకుందిరా, వదిలీలా లేదు” అంది. చెట్టు గురించే అంది.

ఇంతవరకు దొరల్ని తిట్టాను. సుఖంగా ఉంది. తెలుగు వ్యాసంలో ఇక్కడ శుభం కార్డు వేసి, జెండా ఎగరేసి, కాఫీ తాగొచ్చు. అయితే ఊరి తెలుగువాడిగా ఒక చిన్న విషయం అడ్డం వస్తోంది.

సైన్ ఆఫ్ ఫోర్ చూసిన మర్నాడు అబర్డీన్ బజారులో గడియారస్తంభం దగ్గర టీ తాగుతూ మిత్రులకి ఈ టోంగా సంగతి చెప్పాను. అందరికీ రోషం వచ్చింది. “మనల్ని అవమానించారండీ!” అన్నాడు ఒకాయన. ఆయన పూర్వీకులది సోంపేట. రెండో ఆయనది మదురై. మూడో ఆయనది ఫరీద్‌పూర్. టోంగాకి నలుగురమూ ఒక్క క్షణంలో మేనమామలమైపోయాం. మాలో ఇంగ్లీషు నవలలు చదివినాయన ఒకడున్నాడు, గిరీశం బాపతు. ఆయన మాత్రం కెమెరా పనితనం మెచ్చుకున్నాడు. గురజాడ కన్యాశుల్కం అచ్చయ్యింది 1897లో, అంటే అదీ విక్టోరియా రాణి కాలం నాటి క్లాసిక్కే. ఇంగ్లీషు ముక్క వినిపిస్తే కళ్ళు మూసుకుపోయే జబ్బుకి విజయనగరంలోనే మందు తయారైంది, మనమే కోర్సు పూర్తిగా వాడలేదు.

అవమానపడిన మేనమామలం ఇళ్ళకి వెళ్ళి ఏం చేస్తాం? పిల్లవాడు అన్నం చిందిస్తే “జంగ్లీలా తినకు” అంటాం. మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వలలు మోసుకొచ్చి స్థిరపడిన పేట పేరే జంగ్లీఘాట్. ఆ పేరు మీద ఉత్తరాలొస్తాయి, ఆధార్ కార్డులొస్తాయి. పేరులో ఎవరున్నారని మేం ఎప్పుడూ అడగలేదు. 2018లో రాస్, నీల్, హావ్‌లాక్ దీవుల పేర్లు మారాయి. 2021లో మౌంట్ హ్యారియట్ మౌంట్ మణిపుర్ అయింది. 2024 సెప్టెంబరు 13న మా పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. దొరల పేర్లు చెరిపి మనం నచ్చిన పేర్లు రాసుకున్నాం. దొరలకంటే ముందు ఇక్కడున్నవాళ్ళు ఈ కొండని ఏమని పిలిచేవాళ్ళో కనుక్కోవడానికి సమయం చాల్లేదు. పాత ఇంటికి కొత్త బోర్డు తగిలించాం, అటక తాళం అలాగే ఉంది.

సైన్ ఆఫ్ ఫోర్‌లో ఒక చిన్న ముక్క ఉంది, టీవీవాళ్ళు పెద్దగా పట్టించుకోనిది. లండన్ చేరాక స్మాల్‌కి డబ్బు ఎలా వచ్చేదంటే, టోంగాని సంతల్లో నిలబెట్టేవాడు. నరభక్షకుణ్ణి చూడండి బాబూ చూడండి అని. టోంగా పచ్చిమాంసం తిని, ఒక గెంతు గెంతేవాడు. సాయంత్రానికి టోపీ నిండా చిల్లర. స్మాలే స్వయంగా చెప్పుకుంటాడు, తప్పు చేశానని కూడా అనుకోకుండా.

2012 జనవరిలో ఒక బ్రిటిష్ పత్రిక ఒక వీడియో బయటపెట్టింది. మా దీవుల్లో, జరావా ఆదివాసి ఆడవాళ్ళని తిండి ఆశ చూపి నాట్యం చేయిస్తున్నారు. వెనక నుంచి ఆదేశాలిస్తున్న గొంతులు దొరలవి కావు. అక్కడ దారి జరావాల అడవి నడి మధ్య నుంచి పోతుంది. 2002లో సుప్రీంకోర్టు ఆ అడవిలోని ముక్కని మూసెయ్యమంది. రోడ్డు ఇప్పటికీ తెరిచే ఉంది, పొద్దున్నే కాన్వాయ్ బయల్దేరుతుంది.

పిన్ని వెళ్ళిపోయే ముందు బారాటాంగ్ చూపిద్దామని తీసుకెళ్ళాను. సున్నపురాతి గుహలు, బురద అగ్నిపర్వతం. చీకటుండగానే జిర్కాటాంగ్ గేటు దగ్గర వరసలో నిలబడ్డాం. చుట్టూ ఇడ్లీలు, టీలు, సెల్ఫీలు. గేటు దగ్గర పెద్ద బోర్డు: ఆగరాదు, ఫోటోలు తియ్యరాదు, తిండి ఇవ్వరాదు. అందరం శ్రద్ధగా చదివాం. చదివి, ఫోన్ల చార్జింగు ఎంతుందో చూసుకున్నాం. గేటు తీశారు. అరగంట ఎవరూ మాట్లాడలేదు. మా వెనక సీటులో ఒక తండ్రి కొడుకుతో గుసగుసగా, “కళ్ళార్పకు, ఏ క్షణమైనా కనపడతారు” అంటున్నాడు. పులుల అడవికి పోయినప్పుడు అనే మాట.

ఒక మలుపులో బస్సు ఎడమ పక్కకి ఒరిగింది. బస్సు తప్పేం లేదు. కుడి పక్కవాళ్ళందరూ ఒక్కసారిగా ఎడమ కిటికీల మీద పడ్డారు. నేనూ సగం లేచాను. పిన్ని అప్పుడే కునుకు తీసి లేచి కంగారుపడింది.

“ఏట్రా, అందరూ లేచారు? మనూరొచ్చేసిందా?”

“కాదు పిన్నీ. వాళ్ళ ఊరు.”

“మరైతే కూకో. ఆల్లూరయితే నువ్వెందుకు లెగిసినావు?”

కూర్చున్నాను. బోర్డు గుర్తొచ్చి కాదు, పిన్ని చొక్కా పట్టుకుని లాగింది గనక. కిటికీలోంచి ఎవరో విసరబోయిన బిస్కట్ ప్యాకెట్టు డ్రైవరు అరుపుకి ఆగి కింద పడి, బస్సు కుదుపులకి నా కాళ్ళ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. బయట ఎవరున్నారో నేను చూడనేలేదు. ఇద్దరు పిల్లలట, రోడ్డు పక్కన నిలబడి మమ్మల్ని చూశారట. వాళ్ళకి మేం ఎలా కనపడ్డామో: ఒకే కిటికీకి పాతిక ముఖాలు అతుక్కున్న ఒక బండి.

రాత్రి ఇంటికొచ్చాక పిన్ని మళ్ళీ టీవీ పెట్టమంది. నేను సైన్ ఆఫ్ ఫోర్ పుస్తకం తీసి స్మాల్ చెప్పుకునే ఆ ముక్క వెతుక్కున్నాను. టోపీ నిండా చిల్లర. నవల మొదటిసారి చదివిన రోజు నుంచి ఆ టోపీ ఎవరిదా అని దొరల నెత్తుల మీదే వెతుకుతూ వచ్చాను. గోడకి కొట్టిన మేకు వైపు చూపు పోయింది. ఎండ కదా అని, ఆ పొద్దున్న నేనూ టోపీ పెట్టుకునే వెళ్ళాను.